గాలి తగలకుండా

గొట్టం కొసని పీపా మూతి మీద పెట్టి నొక్కాను, టక్కుమని పట్టుకుంది. ఇక నేను చెయ్యాల్సిందేమీ లేదు, కూర్చోవడమే. పులిసిన బీరున్న పెద్ద స్టీలు తొట్టి ఎత్తు అరుగు మీద ఉంది, ఖాళీ పీపా కింద రాతినేల మీద ఉంది, బీరు తన బరువుతో తనే దిగుతుంది, అది దిగినకొద్దీ పీపాలో ఉన్న గ్యాసు రెండో గొట్టంలోంచి పైకి పోయి తొట్టిలో ఖాళీ అయిన చోటు నింపుతుంది. కిందికి బీరు, పైకి గ్యాసు, మధ్యలో గాలికి సందు లేదు. పొద్దున్నే రెండు పీపాలనీ శుభ్రం చేసే మందు నీళ్ళతో అంచుదాకా నింపి, ఆ నీళ్ళన్నిటినీ బొగ్గుపులుసు వాయువుతో తోసేసి ఉంచాను, లోపల బుడగంత గాలి కూడా మిగలకుండా. గాలి తగిలిన బీరుకి మొదట రంగు మాడుతుంది, తర్వాత తడిసిన అట్టపెట్టె వాసన వేస్తుంది. మామూలు బీరైతే పందులకి పోసి ఊరుకోవచ్చు. ఇది అమ్మ చావు బీరు. ఎల్లుండి చర్చి వెనక అమ్మని పూడ్చి వచ్చాక లోయలో ఉన్న వాళ్ళందరూ మా ఇంట్లో బల్లల ముందు కూర్చుని తాగేది దీన్నే. మొదటి గుక్క తాగి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంటే నేను తలెత్తుకోలేను, అమ్మ ఎలాగూ ఎత్తలేదు.

అరచెయ్యి పీపా అడుగున ఆనించి కూర్చున్నాను. స్టీలు లోపలి సంగతి కంటికి చూపించదు, చేతికి మాత్రం చెబుతుంది. బీరుని పులియబెట్టే మా ఇంటి తోడు చల్లగా పులిసే రకం కాదు, జ్వరం వచ్చిన ఒంటి వేడిలో పులుస్తుంది, రెండు రోజుల్లో పని కానిచ్చేస్తుంది, అందుకే బీరు ఇంకా వెచ్చగా ఉంది. పీపా రాత్రంతా రాతి మీద ఉండి మంచుముక్కలా ఉంది. బీరు ఎక్కడిదాకా వస్తే వెచ్చదనం అక్కడిదాకా వస్తుంది. ఇప్పుడు చిటికెనవేలు కింద వెచ్చగా, బొటనవేలు కింద చల్లగా. కిటికీలోంచి చూస్తే వాన, వానలో వాగు, వాగు అవతల షూర్ ఇంటి కప్పు. పొయ్యి వెలిగించినట్టు లేదు, పొగ లేదు. ఇంట్లో లేడా, ఉండీ వెలిగించుకోలేదా, ఒంటరి మగాడు మధ్యాహ్నం పూట ఏం తింటాడు, చల్లారిన బంగాళాదుంపలూ ఉప్పు చేపా తప్ప. నాకెందుకు. నాకే ఎందుకంటే, షూర్ మా అన్నయ్య, ఈ రెండు పీపాలూ నిండేలోపు తను ఈ గుమ్మంలోకి రావాలి.

తొట్టిలోంచి బీరుని పీపాల్లోకి దింపే పూటని మా లోయలో ఓప్‌స్కోక అంటారు. ఆ పూటకి ఎవరినీ పిలవరు. ఎవరికి వాళ్ళే తెలుసుకుని వస్తారు, తొట్టి చుట్టూ నిలబడతారు, గిన్నె ముంచుకుని తాగుతారు, అమృతంలా ఉందనో ఈసారి నీ చెయ్యి పడలేదనో నోటికొచ్చింది అంటారు. పీపాల మూతులు బిగించకముందు వచ్చినవాడు ఇంటిమనిషి, బిగించాక వచ్చినవాడు చుట్టం. ఇది ఎక్కడా రాసి లేదు, రాయక్కర్లేదు కూడా, మా తాత అలా అనుకున్నాడు, మేమూ అలాగే అనుకుంటాం. ఎల్లుండి షూర్ నల్లకోటు వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని, మిగతావాళ్ళ వెనకాల వరసలో వచ్చి నాతో చెయ్యి కలిపి, అమ్మగారు మంచి మనిషి అని చుట్టంలా అంటే నేను తట్టుకోలేను. ఒకే కడుపున పుట్టిన వాళ్ళం, ఆ కడుపుని పూడ్చిపెట్టే రోజున చుట్టరికం ఏమిటి. రమ్మని ఫోను చెయ్యొచ్చు. చేస్తే వస్తాడు, అంత మర్యాద తెలుసు. పిలిస్తే వచ్చినవాడు మళ్ళీ చుట్టమే. చిటికెనవేలు, ఉంగరపువేలు, వెచ్చదనం పైకి పాకుతోంది, బీరు దేనికోసమూ ఆగదు.

పిలవకుండా జనానికి తెలిసేది అరుపుతో. కాచి దింపిన బార్లీ రసంలో తోడు వేసేటప్పుడు, వేసిన మనిషి తొట్టిలోకి వంగి గొంతు చించుకుని అరవాలి. ఎందుకని అడిగితే దయ్యాలు పారిపోతాయని తాత అనేవాడు, తోడుకి రోషం వస్తుందని అమ్మ అనేది. మా అమ్మ గూరో రోజు మొత్తానికి పట్టుమని పది మాటలు మాట్లాడే మనిషి కాదు, ఆదివారం చర్చిలో పాట కూడా పెదాలతోనే పాడేది. అలాంటిది తోడు వేసిన సాయంత్రం మాత్రం తలగుడ్డ ఊడిపోయేలా అరిచేది. కొట్టంలో ఆవులు లేచి నిలబడేవి. నేనూ షూరూ బల్ల కింద దూరి నోళ్ళు మూసుకుని నవ్వేవాళ్ళం. "అమ్మకి పూనకం వచ్చిందే, పరుగెత్తు" అని నన్ను గిల్లేవాడు తను. అరిచాక అమ్మ తలగుడ్డ సర్దుకుని, ఏమీ జరగనట్టు తొట్టి మీద కంబళి కప్పి, మా ఇద్దరికీ రొట్టె మీద వెన్న రాసి ఇచ్చేది. ఆ అరుపు వాగు దాటి అవతలి గట్టు దాకా పోయేది. గూరో అరిచింది, ఎల్లుండికి గొంతు తడుపుకోవచ్చు అనుకునేవారు అందరూ. సంవత్సరమంతా దాచుకున్న మాటలన్నీ ఆ ఒక్క అరుపులో ఉండేవేమో అని ఇప్పుడనిపిస్తోంది. అప్పుడు ఏమీ అనిపించలేదు, నవ్వొచ్చేది.

చూరు నీళ్ళు టపటపమంటే అడుగుల చప్పుడనుకుని లేచాను. అడుగులు కావు. మళ్ళీ కూర్చుని చెయ్యి పెట్టుకున్నాను. నాలుగు వేళ్ళ ఎత్తు వెచ్చబడింది. మా అమ్మాయి ఇడున్ పెళ్ళికి అన్నీ ఇలా నా చేతికి తెలిసి ఉంటే ఎంత బాగుండేది. ఏడేళ్ళయింది ఆ పెళ్ళయి. అప్పుడు చెక్క తొట్టే ఉండేది. అమ్మే అరిచింది, అందరికన్నా ముందు షూర్ వచ్చాడు, ఎప్పుడూ తాత గిన్నె పట్టుకునే వచ్చేవాడు, అంచు చుట్టూ ఎర్ర పువ్వులు వేసిన చెక్క గిన్నె. దాన్ని తొట్టిలో మోచెయ్యి తడిసేలా ముంచి తీసి, తాగి, మీసాలు తుడుచుకుని "పెళ్ళికొడుకు పారిపోయినా పరవాలేదే సిన్నేవా, పిల్లని ఈ తొట్టికిచ్చి చేసెయ్యొచ్చు" అన్నాడు నాతో. అందరం పగలబడి నవ్వాం. పెళ్ళి రోజుకి బీరు వెనిగర్ అయి కూర్చుంది. మగపెళ్ళివాళ్ళు మర్యాదస్తులు, ఒక గుక్క తాగి మంచినీళ్ళు అడిగారు. ఆ మంచినీళ్ళు కూజాలో మోసుకొస్తూ నేను షూర్‌ని చూశాను, "గొర్రెల కొట్టంలోంచి తిన్నగా వచ్చి ఆ చేత్తోనే ముంచావు, నీ గిన్నె నీ ఇంట్లోనే పెట్టుకో" అన్నాను, అందరి ముందూ. నేనన్నది తప్పని ఇప్పటికీ అనను. అది తన గిన్నె వల్లో, నిచ్చెనెక్కి తొంగి చూసిన పిల్లల వల్లో, ఉత్త గాలి వల్లో ఎవరు చెప్పగలరు. అయినా ఆ గిన్నె తీసుకుని, కోటు కూడా వేసుకోకుండా వాగు మీది చెక్క వంతెన దాటి వెళ్ళిపోయిన మనిషి వీపు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఇడున్ పెళ్ళి బట్టల్లోనే వంతెన దాకా పరుగెత్తింది, షూర్ వెనక్కి తిరగలేదు.

తర్వాత నేను మూత ఉన్న స్టీలు తొట్టి కొన్నాను, పీపాలు కొన్నాను, గ్యాసు బండ కొన్నాను, గొట్టాలూ బిగింపులూ అన్నీ నేర్చుకున్నాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా నా బీరు చెడలేదు. దానికి షూర్ ఏమన్నాడో పాల బండివాడు మోసుకొచ్చాడు: "మా చెల్లెలు బీరు గదిని ఆపరేషన్ థియేటర్ చేసిందట, ఇక అక్కడ గుక్కెడు తాగాలంటే డాక్టరు చీటీ కావాలి." నేనేం తక్కువ తినలేదు, గొర్రెల డాక్టరు చీటీ అయితే చెల్లదని చెప్పు అని అదే బండివాడితో పంపాను. అతను రెండు వైపులా మోసి మోసి బాగా నవ్వుకున్నాడు. మూత ఉన్న తొట్టికి తోడు వెయ్యడానికి చిన్న మూతి ఉంది, అందులోంచి పోస్తే చాలు, వంగక్కర్లేదు, అరవక్కర్లేదు. నేను అరవడం మానేశాను. నేను మానేస్తే జనం రావడం మానేశారు, అందులో ఎవరి తప్పూ లేదు, చూడ్డానికి ఏముంది ఇక్కడ, ముంచుకోవడానికి ఏముంది, ఒక ఆడది పీపా మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటుంది. పోయిన చలికాలం అమ్మకి గ్లాసులో పోసి ఇచ్చాను. "బాగుందే" అంది. ఆవిడ మాట పూర్తవడానికి టైము పడుతుంది, అందుకని నిలబడ్డాను. కిటికీలోంచి వాగు వైపు చూస్తూ "ఎవరూ ముట్టుకోనట్టుంది" అంది. పొగిడిందో తిట్టిందో అర్థం కాలేదు. పొగడ్త కిందే జమకట్టుకుని గ్లాసు కడిగి పెట్టాను.

మొదటి పీపా మెడ దాకా వెచ్చబడింది. గొట్టాలు రెండూ తీసి రెండో పీపాకి తగిలించాను. తీసేటప్పుడు ఉస్సుమని చిన్న చప్పుడు, అంతే, ఆ మూతుల్లో స్ప్రింగులున్నాయి, గొట్టం ఇలా ఊడగానే అలా మూసుకుంటాయి. మనుషుల నోళ్ళకి ఎవరూ పెట్టలేదు అలాంటివి. నిండిన పీపాని గోడ వారకి దొర్లించి, మళ్ళీ కూర్చున్నాను, మళ్ళీ అడుగు నుంచి మొదలు, మళ్ళీ చల్లటి స్టీలు మీద అరచెయ్యి. కాసేపు ఏమీ లేదు. తర్వాత చిటికెనవేలు కింద, ఉందో లేదో అన్నట్టు, వెచ్చదనం.

అమ్మ చివరి రోజున నర్సింగ్ హోమ్‌లో నర్సు అమ్మాయి అమ్మ దుప్పటి కాళ్ళ దగ్గర ఎత్తి చూపించింది. "పాదాలు ముట్టుకుని చూడండమ్మా. కింది నుంచి చల్లబడుతూ వస్తుంది. ఇంక ఎంతోసేపు ఉండరు." మెత్తగానే చెప్పింది, పాపం. నేను పాదాలు పట్టుకున్నాను. రాయి ముట్టుకున్నట్టుంది. మోకాళ్ళు ఇంకా వెచ్చగా ఉన్నాయి. కిటికీ బయట ఎవరో గడ్డి కోసే యంత్రం తిప్పుతున్నారు, దాన్ని ఆపమని చెప్పాలనుకున్నాను, కాని లేచి వెళితే తిరిగొచ్చేసరికి మోకాళ్ళు కూడా పోతాయేమోనని భయం వేసింది. షూర్ కొండ మీద ఉన్నాడు, గొర్రెల్ని కిందికి తోలే రోజులు అవి, అక్కడ ఫోను అందదు. నేను చేస్తూనే ఉన్నాను. ఇన్నేళ్ళుగా నొక్కని నంబరు, వేళ్ళు మరిచిపోలేదు. మోకాళ్ళయ్యాయి. తొడలయ్యాయి. చివరికి రెండు చేతులు మిగిలాయి, ఆ రెండిటినీ నా రెండు చేతుల్లో పెట్టుకున్నాను. అవి కూడా చల్లబడ్డాక ఎంతసేపటికో షూర్ వచ్చాడు, తడిసిన రబ్బరు బూట్లతో, ఒంటి నిండా గొర్రెల వాసనతో, కిందెక్కడో కారులో కుక్క మొరుగుతోంది. ఎవరి వైపూ చూడకుండా మంచం దగ్గరికి వచ్చి అమ్మ చెయ్యి ముట్టుకున్నాడు. ముట్టుకుని ఠక్కున తీసేసుకున్నాడు. "చల్లబడిపోయింది" అన్నాడు, నాతోనో, తనతోనో, గోడతోనో. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని, అది ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. నాకు వెచ్చటి చెయ్యి దక్కింది, తనకి అది కూడా దక్కలేదు. ఒక్క మాట అనాల్సింది నేను. ఆ తర్వాత చర్చి సంగతీ, పెట్టె సంగతీ, పాటల సంగతీ అన్నీ మా ఆయనే అటూ ఇటూ తిరిగి మాట్లాడాడు, ఇప్పుడు కూడా గొయ్యి చూడడానికి వెళ్ళాడు.

అమ్మ కింది నుంచి చల్లబడుతూ పోయింది. పీపా కింది నుంచి వెచ్చబడుతూ వస్తోంది. ఎందుకిలా రెండూ పక్కపక్కన పెట్టుకుంటానో, వేరే ఆలోచనే దొరకనట్టు. షూర్ వినాలనే మొన్న అరిచాను. తోడు వేసేటప్పుడు గాలి తగిలినా పరవాలేదు, అప్పుడు దానికి గాలి కావాలి కూడా, అవసరం తీరాకే గాలి శత్రువవుతుంది. చిన్న మూతి వదిలేసి, పెద్ద మూత బిగింపులన్నీ విప్పి, మూత ఎత్తి గోడకి ఆనించి, అమ్మ చేసినట్టే రెండు చేతులూ అంచు మీద వేసి వంగాను. లోపల రుచికి వేసే జునిపర్ కొమ్మల వాసన, తీపి వాసన, ఆవిరి మొహానికి కొట్టింది. మొదట గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. సిగ్గేసింది, యాభై ఎనిమిదేళ్ళ ఆడదాన్ని. తర్వాత వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందో, అమ్మ గొంతే వచ్చింది, నేనే ఉలిక్కిపడ్డాను, స్టీలు తొట్టి గంటలా మోగింది. అరిచి అరిచి చివరికి ఏడుస్తున్నానని తెలిసింది. వాగు అవతల విని ఉండాలి. ఎంత చెవిటివాడైనా విని ఉండాలి.

కిటికీ అద్దం మీద ఆవిరి పట్టి కప్పు కనబడడం మానేసింది. లేచి చేత్తో తుడిచాను, అద్దం కింద గడియ చేతికి తగిలింది. గడియ వేసి ఉంది. నేను వేసిందే. మొన్న వేసిందే. తీపి వాసనకి ఈగలు వస్తాయని, తోడు వేసే ముందు, మూత విప్పే ముందు, అలవాటుగా వెళ్ళి కిటికీ మూసి, తలుపు మూసి, తలుపు కింద గోనెపట్టా కూడా తోసి, అప్పుడు వంగి అరిచాను. ఏడేళ్ళుగా సందులు మూసీ మూసీ చేతులకి వేరే పని రాకుండా పోయింది. అడుగు మందం రాతిగోడలు, రెండద్దాల కిటికీ. షూర్‌కి ఎడమచెవి చెట్లు కోసే రంపంతో ఎప్పుడో పోయింది. ఇంక ఏం వింటాడు. నా అరుపు ఈ గదిలోనే తిరిగి తిరిగి చచ్చిపోయి ఉంటుంది. నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇక నాది దింపుడుకళ్ళం ఆశే. అయినా వెళ్ళి కూర్చున్నాను, పీపా మీద చెయ్యి వేశాను, ఎక్కడిదాకా వచ్చిందో చూద్దామని.

వచ్చిన చోటే ఉంది. ఇందాక మూడు వేళ్ళు, ఇప్పుడూ మూడు వేళ్ళే. చెవి ఆనించాను, లోపల దిగుతున్న సన్నటి చప్పుడు లేదు. గొట్టం పట్టుకుని కుదిపాను, తొట్టి కుళాయి మీద చెంచాతో కొట్టాను. ఏ జునిపర్ ఆకో అడ్డం పడి ఉంటుంది, దాని వెనక అడుగున పేరుకున్న తోడు మడ్డి. తియ్యడం తెలుసు నాకు, పీపా వైపు నుంచి గ్యాసు వెనక్కి తోస్తే చాలు, ఊడి తొట్టిలోకి పోతుంది. కాని తోసేటప్పుడు మడ్డి మళ్ళీ కుళాయి మీదికి జారకుండా తొట్టిని అటువైపు వంచి పట్టుకోవాలి, గ్యాసు మర చూస్తే ఆ గోడ దగ్గర ఉంది. ఇద్దరు మనుషుల పని. మా ఆయన సాయంత్రానికి గాని రాడు, అప్పటిదాకా పీపాని ఇలా మధ్యలో వదిలేస్తే మడ్డి గట్టిపడి మిగతాది దిగనే దిగదు. మిగిలింది ఒకటే దారి, మూత తీసి పైనుంచి గరిటెతో కెలకడం. మూత తీశానంటే లోపల పరుచుకున్న గ్యాసు చెదిరి గాలి దూరుతుంది. ఇంత చేసి, ఇన్నేళ్ళు ఒక్క పీపా చెడకుండా కాచి, అమ్మ బీరుకే గాలి తగిలించాలి. ముంచుకోవడానికి ఒక్క మనిషి కూడా లేకుండానే మూత తీస్తున్నానన్నమాట. మొదటి బిగింపు మీద బొటనవేలు పెట్టి లాగాను, ఊడింది. రెండోది తుప్పు పట్టినట్టు బిగుసుకుంది, లేదా నా చేతిలోనే బలం లేదు.

"ఏం చేస్తున్నావే?"

గుమ్మంలో షూర్. వానకి తడిసి ముద్దయి ఉన్నాడు, కోటు లోపల ఏదో మూట పొట్టకి అదుముకుని. మనిషి చిక్కాడు. మీసాలు పూర్తిగా తెల్లబడ్డాయి, నర్సింగ్ హోమ్‌లో నేను చూడనే లేదు.

"ఆగిపోయింది" అన్నాను. ఏడేళ్ళకి నేను తనతో అన్న మొదటి మాట అది.

"ముందు ఆ మూత బిగించు. గాలి పోతుంది లోపలికి."

ఆ మాట ఎవరి నోట వినాలో ఆ నోట విన్నాను. బిగించాను. తను మూటని బల్ల మీద పెట్టి, కోటు విప్పి పడేసి, అరుగు పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"ఎటు వంచాలి?"

"గోడ వైపు. ఎక్కువొద్దు."

తొట్టికి భుజం ఆనించి ఎత్తాడు. ముక్కుతూ మెడ నరాలన్నీ ఉబ్బాయి, అరవై దాటిన మనిషి. నేను వెళ్ళి గ్యాసు మర తిప్పాను, గొట్టం పాములా ఒక్కసారి ఎగిరింది, తొట్టి లోపల గుడగుడమంది. మర కట్టేసి పీపా మీద చెవి పెట్టాను. దిగుతోంది. "దింపు, మెల్లగా" అన్నాను. దింపి, ఊపిరి తీసుకుని, రెండు చేతులూ నా మొహం ముందు చాపాడు, అరచేతులూ మోచేతులూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"కడుక్కునే వచ్చాను. సబ్బు అరిగిపోయింది."

మూట వైపు చూశాను. తనే విప్పాడు. తాత గిన్నె. ఎర్ర పువ్వులు వెలిసిపోయి చెక్క తెల్లగా తేలింది, అంచు నుంచి అడుగుదాకా సన్నటి పగులు.

"మరగబెట్టాను" అన్నాడు. "గంటసేపు. శుభ్రం శుభ్రం అంటావుగా."

"తాత గిన్నెని మరగబెడతారా ఎవరైనా?"

"నాకేం తెలుసు. టప్పుమంది కరెంటు పొయ్యి మీద. అప్పటికే ఆలస్యమైంది."

రుచి చూసుకోవడానికి తొట్టికి చిన్న కుళాయి ఉంది, అక్కడ తీస్తే పైన గ్యాసే దిగుతుంది గాని గాలి పోదు. గిన్నెలో సగం పట్టి ఇచ్చాను. పగులులోంచి కారి తన మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి పోతోంది, తను అది పట్టించుకోకుండా కళ్ళు మూసుకుని తాగాడు. మీసాలు తుడుచుకున్నాడు. నాకు పెళ్ళినాడు కూడా ఇంత గుండెదడ లేదు.

"అమ్మ చేసినట్టు లేదు" అన్నాడు. ఇంకో గుక్క తాగాడు. "బాగుందే. అమ్మ పరువు నిలబడుతుంది."

గిన్నె నా చేతికిచ్చాడు. నేనూ తాగాను, నా చెయ్యీ తడిసింది. అడగకుండా ఉండలేకపోయాను.

"నా అరుపు వినబడిందా?"

"కిటికీ మూసి అరుస్తారటే ఎవరైనా? మా ఇంటికెక్కడ వినపడుతుంది?"

"మరెలా తెలిసింది?"

షూర్ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు, నాకు వీపు తిప్పి. కాసేపు గడియతో ఆడాడు. "మొన్న మీ కట్టెల కొట్టం వెనకే ఉన్నాను" అన్నాడు. "నీ బీరు పొయ్యి పొగ కనబడినప్పుడల్లా వస్తాను. సాయంత్రం తోడు వేసే వేళకి వచ్చి, మంచి చెవి ఇటు పెట్టుకుని నిలబడతాను. నువ్వు అరవవు. పోతాను."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

ఎన్నిసార్లు కాచాను ఈ ఏడేళ్ళలో. క్రిస్మస్‌కి, కోతలకి, ఇడున్ బిడ్డకి పేరు పెట్టినప్పుడు, ఊరికే వాన పడుతోందని. అన్నిసార్లు లోపల నేను మూతలు బిగిస్తుంటే, ఇరవై అడుగుల అవతల, తడి కట్టెల మధ్య, మా అన్నయ్య తల వంచి చెవి పెట్టుకుని నిలబడి, ఏమీ వినపడక వాగు దాటి పోయాడు. గిన్నె బల్ల మీద పెట్టేశాను. వెళ్ళి తన పక్క నుంచి చెయ్యి చాపి గడియ తీశాను, కిటికీ తెరిచాను. వాన చప్పుడు, వాగు చప్పుడు, అవతలి గట్టు మీద తన కుక్క మొరుగుడు, అన్నీ ఒక్కసారే గదిలోకి వచ్చాయి. తొట్టి మూత బిగించే ఉంది, దానికేం కాదు.

"అన్నయ్యా, ఇలా రా" అన్నాను. "ఇది ఎంత నిండిందో చెయ్యి పెట్టి చూడాలి. కంటికి కనపడదు."

రాతినేల మీద నా పక్కన కూలబడ్డాడు. తన చెయ్యి పట్టుకుని, వెచ్చదనం ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ, స్టీలు మీద ఆనించి నా చెయ్యి తీసేసుకున్నాను. ముందు ఉలిక్కిపడ్డాడు. పైన చల్లగా ఉంది మరి, ముందు చేతికి తగిలేది అదే. తర్వాత మొహం మారింది.

"వెచ్చగా ఉందే" అన్నాడు.

"ఉంటుంది. ఇంకా పైకి వస్తుంది."

కన్నీళ్ళు మీసాల్లోకి కారుతున్నాయి, తుడుచుకోలేదు. బీరు దిగుతోంది, కనబడకుండా, గాలి తగలకుండా, చిటికెనవేలు దాటి, నడిమివేలు దాటి, బొటనవేలు దాకా వచ్చింది. అది కూడా దాటి పైకి వెళ్ళింది. పీపా నిండింది, ఇక గొట్టం తియ్యాలి అని నేను చెప్పాను. విన్నాడు. అయినా చెయ్యి మాత్రం తియ్యలేదు.